గంగమణి కొలతలు

గంగమణికి నలభై ఆరేళ్లు వచ్చేదాకా తనకంటూ ఒక గది ఉన్నది లేదు. ఎల్లారెడ్డిలో తమ్ముడు సాయిలు ఇంట్లో, ముందు అర్రలో, తలుపు పక్కనే ఆమె మంచం. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ దాన్ని చుట్టుకునే నడవాలి. మూడేళ్ల వయసులో పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. ఆ మోకాలి మీద చెయ్యి ఆనించి, పక్కకు ఒంగి, ఒక్కో అడుగూ నెట్టుకుంటూ నడుస్తుంది. పెళ్లి మాట ఇంట్లో రెండుసార్లు వచ్చి, వచ్చిన దారినే పోయింది. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, బీడీలు చుడుతూ పాతికేళ్లు గడిపింది. తమ్ముడి బిడ్డ సాయిశ్రీ ఆ చాట పక్కనే పాకింది, ఆ చాట పక్కనే అక్షరాలు దిద్దింది.

ఎనిమిదేళ్ల కింద సాయిలు పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు కట్టాడు. పాత ఇంట్లో పొయ్యి నేల మీద ఉండేది. గంగమణి పీట మీద కూర్చుని ఇంటిల్లిపాదికీ జొన్నరొట్టెలు చేసేది. కొత్త ఇంట్లో వంటగది గట్టు నల్లబండతో ఎత్తుగా వచ్చింది. ఆమె నిలబడితే రొమ్ముదాకా ఉంటుంది. మోకాలి మీది చెయ్యి తీస్తే నిలబడలేదు, తీయకపోతే పిండి పిసకలేదు. రెండు రోజులు తంటాలుపడి మానుకుంది.

"నువ్వెందుకు తిప్పలపడుడు వదినె, నేను చేస్త గద" అంది మరదలు శాంతవ్వ.

మంచిమాటే అది. కానీ ఆ రోజునుంచి గంగమణి పెట్టింది తినే మనిషైంది. కూరలో ఉప్పు తక్కువైతే తక్కువైందని అనే హక్కు కూడా పొయ్యితోపాటే పోయినట్టనిపించేది. ఎవరూ ఆమెను ఒక్కమాట అనలేదు. అసలు మాట్లాడడమే తగ్గిపోయింది.

అదే వాడకు చెందిన శైలేందర్ కామారెడ్డిలో ఒక కంపెనీలో ఇంజనీరు. ఓ ఆదివారం వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"గంగమణక్కా, హైవే పక్కకు, భిక్నూర్ దిక్కు మేమొక ఇల్లు కట్టినం. అండ్ల ఒక ఏడాది ఉంటవా?"

"ఉండి ఏం చెయ్యాలె తమ్మీ?"

"ఏం చెయ్యద్దు. ఉండుడే పని. జీతమిస్తరు. ఆ ఇల్లు మనిషిని చూసుకుంట నేర్చుకుంటది. నువ్వెట్ల నడుస్తవో, ఎంత ఎత్తు అందుతదో, ఎప్పుడు అలసిపోతవో తెలుసుకొని అదే మారుతది."

"ఊరంతమంది ఉండంగ నేనే ఎందుకు?"

శైలేందర్ తడుముకోలేదు. "నీ లెక్క నడిచేటోళ్ల కోసమే ఆ ఇల్లు. కాళ్లు మంచిగున్నోణ్ని తీస్కపోయి పెడితే దానికేం తెలుస్తది?"

ఆమె కాలును ఒక పనికొచ్చే వస్తువుగా ఎవరైనా చెప్పడం అదే మొదలు. సాయిలు గునిశాడు, అక్కను పనికి పంపిండని నలుగురూ అంటారని. వారం తిరగకముందే గంగమణి చీరలు రెండు సంచుల్లో సర్దుకుని, చాట చంకన పెట్టుకుని కామారెడ్డి బస్సెక్కింది.

ఆ ఇంటికి గడపలు లేవు. నేల ఒక గది నుంచి ఇంకో గదికి నీళ్లలా సాగిపోయింది. గోడల పొడుగునా చెయ్యి పట్టుకోవడానికి చెక్క పట్టీ ఉంది. కెమెరాలు లేవని శైలేందర్ ముందే చెప్పాడు. అంతా నేల కింద ఉంటుందట. బరువు ఏ కాలి మీద ఎంతసేపు నిలుస్తుందో చూసుకుంటూ ఉంటుందట.

వంటగదిలోకి పోయి గట్టు ముందు నిలబడగానే ఏదో సన్నగా గుర్రుమంది. బండ కదిలింది. గంగమణి బెదిరి గోడపట్టీ పట్టుకుంది.

"ఏం కాదక్కా, నువ్వు అట్లనే నిలవడు" అన్నాడు శైలేందర్.

బండ మెల్లగా దిగి, ఆమె మోచేతి కిందికి వచ్చి ఆగింది. గట్టు కింద నుంచి చిన్న పీట లాంటిది ముందుకు జరిగింది, చచ్చుకాలు తొడ దానికి ఆనించుకునేలా. ఆమె ఆనింది. మోకాలి మీది చెయ్యి దానంతటదే పైకి లేచింది. రెండు చేతులూ బండ మీద పెట్టి అట్లాగే నిలబడింది. శైలేందర్ ఏదో చెబుతున్నాడు గానీ ఆమె వినలేదు.

అతను వెళ్లిపోయాక జొన్నపిండి కలిపింది. ఎనిమిదేళ్ల తర్వాత మొదటి రొట్టె విరిగిపోయింది. రెండోది పెనం మీద పొంగింది. చెయ్యి అలవాటున చేసుకుంటూ పోయి చూసుకుంటే పది అయ్యాయి. తిన్నది రెండు. మిగిలిన ఎనిమిదింటినీ గుడ్డలో చుట్టి, పెట్టడానికి ఎవరూ లేరని అప్పుడు గుర్తొచ్చి, చాలాసేపు ఆ మూట వైపు చూస్తూ కూర్చుంది. హైవే మీద లారీల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఇల్లు మాట్లాడేది కూడా. అయితే దానికి పుస్తకాల తెలుగే వచ్చు.

"శుభోదయం గంగమణి గారూ. మీకు దీపాలు వెలిగించమంటారా?"

"గంత మర్యాద వద్దు. లైటెయ్యి."

"క్షమించండి. నాకు అర్థం కాలేదు."

"లైటు! బుగ్గ! బుగ్గెయ్యవే!"

"క్షమించండి. నాకు అర్థం కాలేదు."

శైలేందర్ ఆమె మాటలన్నీ రాసుకుపోయి దానికి నేర్పించాడు. నెల తిరిగేసరికి బంద్ చెయ్యి అంటే ఆర్పేది, జర తగ్గియ్యి అంటే ఫ్యాను నెమ్మదించేది. కానీ ఆ నెలలోనే గంగమణికీ దాని మాట అంటుకుంది. సాయిశ్రీ ఫోన్ చేసినప్పుడు "కొంచెం నిదానంగా చెప్పండి" అంది. "అత్తా, నువ్వు టీవీల వార్తలు చదువుతున్నవా ఏంది?" అని ఆ పిల్ల పగలబడి నవ్వింది. గంగమణి కూడా నవ్వింది. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే, ఆ వారంలో మనిషితో మాట్లాడడం అదే మొదటిసారి.

బీడీలు మాత్రం సాగలేదు. తంబాకు డబ్బా మూత తియ్యగానే గోడలో ఫ్యాన్లు హోరుమనేవి. "గాలిలో హానికరమైన ధూళి ఉంది, దయచేసి బయటికి వెళ్లండి" అని అది మొదలుపెట్టేది. బయట ఎండ, హైవే దుమ్ము. నాలుగైదు రోజులు దానితో పోట్లాడి చాటను అలమారలో పెట్టేసింది. పాతికేళ్లు తీరిక లేని వేళ్లు ఖాళీ అయ్యాయి. మధ్యాహ్నాలు కూర్చున్నచోట చీరకొంగు అంచును ఆకు చుట్టినట్టు చుడుతూ ఉండేది, విప్పుతూ ఉండేది.

నేర్చుకోవడంలో మాత్రం ఇల్లు మనిషిని మించింది. పొద్దున ఆమె అడుగు తేలిగ్గా ఉంటే గట్టు ఒక ఎత్తులో ఆగేది. సాయంత్రానికి కాలు బరువెక్కితే ఇంకో అంగుళం దిగేది. ఆమె కుడివైపు ఒత్తిగిల్లి లేస్తుందని తెలుసుకుని మంచం ఆ పక్కకే వాలేది. స్నానాలగదిలో ఆమె ఎక్కడ తడబడుతుందో అక్కడ పట్టీ గోడలోనుంచి ముందుకు వచ్చేది. వానాకాలంలో ముసురు పట్టి తుంటి సలిపితే, ఆమె నోరు విప్పకముందే నేల గోరువెచ్చగా అయ్యేది. తనను కన్న అవ్వకు కూడా ఇన్ని తెలియవు, పాపం ఆమెకు తీరికెక్కడిది అనుకునేది గంగమణి.

నెలకు రెండు మూడుసార్లు చూడడానికి జనం వచ్చేవారు. హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చిన కంపెనీవాళ్లు, స్థలాలున్న షావుకార్లు. గంగమణి గట్టు ముందు నిలబడాలి. అది దిగుతుంటే వాళ్లు వంగి కిందికి చూసేవాళ్లు, ఫోటోలు తీసేవాళ్లు. "బరువెంత మోస్తది? కరెంటు పోతే?" అని శైలేందర్‌ను అడిగేవారు. ఒకాయన మాత్రం ఆమెను చూపించి, "ఈమె కూడా ఇంటితోనే వస్తదా?" అన్నాడు. అందరూ నవ్వారు. శైలేందర్ నవ్వలేదు. వాళ్లు పోయాక, "పట్టించుకోకక్కా" అన్నాడు.

"నాకేం లేదు తమ్మీ. మా ఇంట్లకు వచ్చినోళ్లు గంత మాట గూడ అడగరు" అంది ఆమె.

ఆ ఏడు భాద్రపదంలో ఆమెకు జ్వరం పట్టింది. ఒక పొద్దున లేవాలనుకుంది గానీ ఒళ్లు లేవలేదు. రోజూ ఆరుకు ముందే ఆమె పాదం నేలకు తగులుతుంది. ఆరున్నరకు ఇల్లు అడిగింది, బాగున్నారా అని. ఏడింటికి మళ్లీ అడిగింది. ఆమె ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. కళ్లు తెరిచేసరికి శైలేందర్, అతని భార్య వినీత మంచం పక్కన ఉన్నారు.

"మీకెవలు చెప్పిండ్రు?"

"ఇల్లు ఫోన్ చేసింది" అంది వినీత, ఆమె నుదురు తడిమి చూస్తూ.

డెంగీ అన్నారు ఆసుపత్రిలో. ఐదు రోజులు సెలైన్ పెట్టారు. సాయిలు వచ్చి రెండు రోజులు ఉండి, వరి నాటు పని ఉందని పోయాడు. పైకప్పు చూస్తూ పడుకుని గంగమణి మూడేళ్ల కిందటి సంగతి తలచుకుంది. ఎల్లారెడ్డిలో ఇట్లాగే జ్వరంతో ముందు అర్రలో ముసుగు తన్ని పడుకుంది. ఆమె మంచం పక్కనుంచే అందరూ చెప్పులు తొడుక్కుని పొలానికి, బడికి పోయారు. పొద్దు వాలాక సాయిశ్రీ దువ్వెన కోసం వచ్చి చెయ్యి తగిలితే, అత్త ఒళ్లు కాలుతోందని అప్పుడు తెలిసింది. వాళ్లది తప్పని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇంట్లో ఉన్న గోడను రోజూ పొద్దున లేచి బాగుందా అని ఎవరు చూస్తారు? ఇక్కడేమో గోడే తనను చూసింది. అది ప్రేమ కాదనీ, నేల మీద బరువు పడకపోతే మోగే గంట లాంటిదనీ ఆమెకు తెలుసు. తెలిసినా, ఆసుపత్రి నుంచి వచ్చి నేల మీద అడుగుపెట్టగానే "స్వాగతం గంగమణి గారూ" అని అది అంటే, గోడపట్టీ పట్టుకుని ఏడ్చింది.

ఏడాది నిండింది. కంపెనీ ఆ ఇంటిని ఒక డాక్టరు కుటుంబానికి అమ్మేసింది. ఈ విషయం చెప్పడానికి శైలేందర్ నాలుగు రోజులు నానబెట్టాడు.

"వాళ్లు వచ్చే ముందు ఇల్లు మొత్తం కొత్తగ చెయ్యాలెనక్కా. లేకుంటే అది నిన్నే వెతుకుతది. వాళ్లకు అన్నీ నీ ఎత్తుకే వస్తయి."

"అంటే నన్ను మర్చిపోతదా?"

"మర్చిపోవాలె."

ఆమె సంచులు సర్దుకుని, చివరిసారి టీ పెట్టుకుంది. గట్టు మీద గ్లాసు ఉంది. శైలేందర్ ముందు గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఇంకా వంటగదిలోనే నిలబడి ఉందని అతను చూసుకోలేదు. మీట నొక్కాడు.

బండ గుర్రుమంది. గంగమణి మోచేతుల కింద నుంచి మెల్లగా పైకి లేచింది. తొడ కింది పీట వెనక్కి జరిగింది. ఆమె చప్పున మోకాలి మీద చెయ్యి ఆనించుకుంది. గట్టు నడుము దాటింది, రొమ్ముదాకా వచ్చి ఆగింది. టీ గ్లాసు ఆమె గడ్డం ముందర ఉంది. ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకోటి గోడపట్టీ మీద. అందుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

"నమస్కారం" అంది ఇల్లు. "ఈ ఇంటికి మీరు కొత్తవారు. మీ పేరు చెప్పండి."

గంగమణి పట్టీని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"దయచేసి మీ పేరు చెప్పండి."

శైలేందర్ ఉరికొచ్చాడు. ఆ గట్టునూ ఆమెనూ చూసి అతని మొహం పాలిపోయింది. "అయ్యో అక్కా! నువ్వు బయట ఉన్నవనుకున్న."

"పోయేటిదాన్ని, నా పేరెందుకు దానికి" అంది ఆమె. తర్వాత, "తమ్మీ, తుడిస్తే తుడిచినవు గని, నా కొలతలు నీ దగ్గర ఉన్నయా?" అని అడిగింది.

"ఉన్నయక్కా. అన్నీ ఉన్నయి."

"ఒక కాయితం మీద రాసియ్యి. ఎత్తులన్నీ. గట్టుది, మంచానిది, స్విచ్చులయి, పట్టీది. అంగుళాలల్ల రాయి. మేస్త్రికి సమజైనట్టు."

అతను కింద కూర్చుని రాశాడు. గట్టు ఇరవై ఆరు. మంచం పద్దెనిమిది. గోడపట్టీ ఇరవై ఎనిమిది. స్విచ్చులు ముప్పై రెండు. తొడ ఆనించే పీట ఇరవై. గడప లేదు. ఏడాదిపాటు ఆ ఇల్లు తనలో చూసిందంతా ఒక్క పేజీలో సరిపోయింది.

ఎల్లారెడ్డి ఇంటి వెనక పాత మోటారు, ఎరువు బస్తాలు వేసే అర్ర ఒకటి ఉంది. ఆ జాగా తండ్రి బతికున్నప్పుడు గంగమణి పేర రాసిందే. ఇన్నాళ్లూ ఆమె అడగలేదు, వాళ్లు అనుకోలేదు. వచ్చిన మూడో రోజు అన్నం ముందర అడిగింది.

"వెనుక అర్ర నాకు కావాలె. నా జీతం పైసలతోని బాగు చేయించుకుంట."

సాయిలు ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగాడు. "నీకిక్కడ ఏం తక్కువైందక్కా?"

"ఏం తక్కువ కాలే. పొయ్యి లేదంతే."

"లోకం ఏమంటది? అక్కను ఏరు పెట్టిండంటది."

"నన్ను నువ్వు పెడ్తలేవు. నేనే పోతున్న" అంది గంగమణి. ఆ ఇంట్లో ఆమె అంత గట్టిగా మాట్లాడడం వాళ్లెవరూ వినలేదు. శాంతవ్వ మొగుడి వైపు చూసి, "ఇయ్యి" అంది. అంతే.

ఆశన్న మేస్త్రి వచ్చాడు. స్లాబు ఇల్లు కట్టింది ఆయనే. కళ్లద్దాలు పెట్టుకుని కాయితం చదివి, ముక్కు మీద వేలేసుకున్నాడు.

"ఇరవై ఆరా? గిది పోరగాండ్లు ఆడుకునే వంటిల్లు లెక్కుంటదమ్మా. గిసోంటి గట్టు నా జిందగిల కట్టలే."

గంగమణి గోడ దగ్గరికి పోయి, మోకాలి మీద చెయ్యి పెట్టి నిలబడింది. తర్వాత పాత మోటారు అంచుకు తొడ ఆనించి, రెండు చేతులూ పైకి లేపి చూపించింది. ఆశన్న టేపు తీసి నేల నుంచి ఆమె మోచేతి దాకా పట్టాడు. కాయితం చూశాడు. మళ్లీ టేపు చూశాడు.

"సరిగ్గ ఉన్నది" అన్నాడు మెల్లగా. "అప్పుడే జెప్పుంటే అప్పుడే కడుతుంటి గదా బిడ్డా."

"అప్పుడు మీరు అడగలే బాపూ."

ఆయన సున్నంతో గోడ మీద గీత గీశాడు. నెల పట్టింది పని. షాబాద్ బండ గట్టు, సిమెంటు దిమ్మె పీట, గోడ పొడుగునా పైపు. ఏదీ కదలదు. పొద్దున ఎంతో సాయంత్రమూ అంతే. సాయంత్రం కాలు బరువెక్కినప్పుడు అంగుళం తేడా ఆమెకు తెలుస్తూనే ఉంటుంది. చెప్పినా వినేది ఏదీ లేదు.

మొదటి పొద్దున రొట్టెలు చేసి సాయిలు ఇంటికి నాలుగు పంపింది. శాంతవ్వ గిన్నె కడిగి, అందులో కొంచెం పప్పు పోసి పంపింది. ఆ తర్వాత గిన్నెలు రోజూ తిరగలేదు. పండుగకో, పిల్ల పుట్టినరోజుకో తిరిగేవి. సాయిశ్రీ కాలేజీ నుంచి వచ్చి కాసేపు కూర్చునేది, ఫోన్ చూసుకునేది, పోయేది. చాట మళ్లీ ఒళ్లోకి వచ్చింది. తంబాకు ఘాటుకు దగ్గొస్తే ఇప్పుడు ఎవరూ వద్దనరు. ఒక్కోసారి పొద్దున కళ్లు తెరిచి, ఎవరో ఏదో అడుగుతారని ఆగుతుంది. గోడ మీద బల్లి తప్ప ఏమీ పలకదు. అప్పుడు లేస్తుంది.

ఒక మధ్యాహ్నం ఎదురింటి బిల్కిస్ వచ్చింది. ఆమె భర్త ఖయ్యూం పదిహేనేళ్లుగా దుబాయిలో ఉంటున్నాడు. బిడ్డ నజ్మాను గాంధారి ఊరికి ఇచ్చి పెళ్లి చేశారు. మోకాళ్లు అరిగి, వంగి లేవడమంటే ఆమెకు గండం. గడప లేని తలుపులోంచి జారినట్టు లోపలికి వచ్చి, ఇదేంది ఎక్కడా కాలెత్తలేదే అని వెనక్కి తిరిగి చూసుకుంది. దిమ్మె మీద కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది.

"ఇది మంచిగున్నది గదనే గంగమణీ. నాకు లేస్తుంటే నొప్పి కొట్టలే. ఎంతెత్తు ఇది?"

"ఇరవై. గని అది నాది. నీది వేరుంటది."

"నాదెంత?"

గంగమణి చాట పక్కన పెట్టింది. "లేచి నిలవడు. గిట్ల కాదు, నువ్వు రోజు నిలవడ్డట్టే. బరువు ఏ కాలు మీదేస్తున్నవు?"

బిల్కిస్‌కు తెలియలేదు. తన కాళ్ల వైపు తానే వింతగా చూసుకుంది. "అరె, నేనెన్నడు చూసుకోలే."

"నేను చూస్త. నువ్వు నాలుగు దినాలు ఇక్కడికొచ్చి రొట్టెలు చెయ్యి. పొద్దున రా, సాయంత్రం రా. అలసిపోయినంక ఎట్ల నిలవడతవో చూసినంకనే ఆశన్నకు చెప్తం."

బిల్కిస్ నవ్వి, కొంగు నడుమున దోపి గట్టు ముందుకు వచ్చింది. గట్టు ఆమెకు మరీ కిందికి ఉంది, వంగాల్సి వచ్చింది. గంగమణి మంచం అంచున కూర్చుని, ఆమె నడుము ఎక్కడ వంగుతోందో, ఏ మడమ నేలనుంచి లేస్తోందో కళ్లార్పకుండా చూస్తోంది.

"ఏంది గట్ల చూస్తున్నవు? సిగ్గయితుంది" అంది బిల్కిస్ పిండి పిసుకుతూ.

"చెయ్యి, చెయ్యి. మాట్లాడకు" అంది గంగమణి. "కుడికాలు. నీ బరువంత కుడికాలు మీదనే ఉన్నది."